కిరాయి చుట్టాలు

చేవెళ్ళ దాకా విహారయాత్రకు వెళ్ళొచ్చామని చెబితే మా వాడలో నవ్వనివాళ్ళు లేరు. కాశీ వెళ్ళినవాళ్ళున్నారు, ఊటీ వెళ్ళినవాళ్ళున్నారు. డబ్బు కట్టి మరీ చేవెళ్ళ వెళ్ళి, నోరు వెళ్ళబెట్టుకుని తిరిగొచ్చినవాళ్ళం మాత్రం మేమే. కూరగాయలు మనింటికే వస్తుంటే కూరగాయలుండే ఊరికి మనం వెళ్ళడమేమిటని పక్కింటి కామాక్షి గారు ఇప్పటికీ అడుగుతున్నారు. ఆవిడ కోసం, ఆవిడలా ఇంట్లో కూర్చుని నవ్వేవాళ్ళందరి కోసం ఇది రాస్తున్నాను.

ఈ అరవైతొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం మధ్య, హైదరాబాదులో ఎలా గడుస్తోందో వేరే చెప్పాలా? బడులు మూత. బస్సులు ఒకరోజు ఉంటే రెండురోజులుండవు. ఊరేగింపులు, రాళ్ళు, కర్ఫ్యూ. మాది బాపట్ల పక్క ఊరు. మా వారు ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ఆంధ్రావాళ్ళు వెళ్ళిపోవాలని గోడల మీద రాస్తున్నారు కదా, ఆ గోడల్లో మాదీ ఒకటి. మా అమ్మాయి విమలకు పన్నెండేళ్ళు, పుట్టింది ఇక్కడే. "అమ్మా, మనం ఎక్కడికి వెళ్ళిపోవాలి?" అని అది అడిగితే, రా జడ వేస్తానన్నాను.

ఎవరికి ఏం కావాలి

అలాంటి రోజుల్లో మా వీధికి సైకిలు మీద టమాటాలు, కొత్తిమీర తెచ్చేవాడు దానియేలు మాస్టరు. చేవెళ్ళ దగ్గర పల్లె ఆయనది. మిషను బడిలో పాఠాలు చెప్పేవాడు. బడి మూతపడి జీతం ఆగిపోతే కూరగాయలు పట్టుకున్నాడు. తూకం వేస్తూ విమలకు అడవిపందుల సంగతి, జొన్నచేల మీద వాలే పిట్టల సంగతి చెబుతుండేవాడు. ఒకరోజు తక్కెడ కింద పెట్టి నాతో అన్నాడు:

"అమ్మా, మీ పట్నపోళ్ళు ఇంట్ల కూసొని పరేషాన్ అవుతున్నరు. నేను బండి మీద తిప్పుక వస్త. అందరికి ఒక్కటే తీరు కాదు. ఇంట్ల ఎవరికేం చూడబుద్ధి అయితదో అడిగి, దానికి తగ్గట్టు తొవ్వ కడ్త. పైసలియ్యాలె మరి."

అడగడం కూడా ఒక్కొక్కరిని విడివిడిగా అడిగాడు. మా వారు పులిని చూడాలన్నారు. పులి లేదని మాస్టరు ఉన్నమాట చెప్పేసి, అడవిపందికి ఒప్పించాడు. విమల మంచె ఎక్కి వడిసెలతో పిట్టల్ని తోలతానంది. నా వంతు వచ్చేసరికి నాకేమీ తోచలేదు. పదిహేనేళ్ళుగా నీకేం కావాలని అడిగినవాళ్ళు లేరు మరి. చివరికి, "నేను వండకుండా తినాలి. ఎవరైనా వడ్డిస్తుంటే కూర్చుని తినాలి" అన్నాను. మా వారు పకపకా నవ్వారు. మాస్టరు నవ్వలేదు.

ఆయన అడిగింది మా ఇంట్లో నెల బియ్యానికయ్యేంత. మా వారు గొణిగారు. మా వీధిలో మరో మూడు కుటుంబాలవాళ్ళు కూడా అడిగి చూసి, "ముందు మీరు వెళ్ళి రండి, డబ్బుకు తగ్గట్టు ఉంటే మేమూ కడతాం" అన్నారు. అంటే అందరి తరఫునా మేం బలి మేకపిల్లలమన్నమాట.

గండిపేట కట్ట

లంగర్‌హౌజ్ దాటాక కిరాయి ఎడ్లబండి ఎక్కాం. మాస్టరే తోలాడు. దారిలో తన సంగతి దాచకుండా చెప్పాడు. బావమరిది షోలాపూర్‌లో మిల్లులో ఉన్నాడట, అక్కడ పని చూసిపెట్టాడట. ఈస్టరు లోపల ఈ తిప్పే పని నిలబడితే సరి, లేకపోతే ఊరు వదిలి మరమగ్గాల దగ్గరికి పోవాల్సిందే.

"మిల్లుల పని చెడ్డది కాదమ్మా. కని, నాకు మనుషులకు చూపెట్టుడు ఇష్టం. బడిల చేసింది గదే," అన్నాడు.

ఆ మాట విన్న దగ్గర్నుంచి మా ప్రయాణం బాగుండాలని ఆయన కన్నా నాకే ఎక్కువ ఆరాటంగా ఉంది.

గండిపేట కట్ట ఎక్కి నిలబడ్డాం. నేను సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని, నీళ్ళు చూసి ఆశ్చర్యపోయే మనిషిని కాను. కానీ ఇంత ఎండిన రాతి నేల మధ్య, ఎవరో తెచ్చి పరిచినట్టు, అంత నీలంగా, అంత కదలకుండా నీళ్ళు. పొద్దున గంటసేపు మా కుళాయిలో సన్నగా వచ్చేది ఇదేనని మాస్టరు చెప్పాడు. బిందె నిండలేదని రోజూ తిట్టుకునేదాన్ని, ఆ ఒడ్డున చెప్పులు విప్పి నిలబడ్డాను. ఎందుకు విప్పానో నాకే తెలియదు.

చిల్కూరు

చిల్కూరు గుడి చిన్నది. మేం వెళ్ళేసరికి పూజారి, రెండు కోతులు తప్ప ఎవరూ లేరు. పూజారి హారతి ఇచ్చి, పట్నంలో గొడవలు తగ్గాయా అని అడిగి, మేం చెప్పేలోపే తానే తల అడ్డంగా ఊపుకున్నాడు. అక్కడే మంటపంలో మాస్టరు భార్య కట్టి పంపిన జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం తిన్నాం. మా వైపు రొట్టె అంటే జ్వరం వచ్చినవాళ్ళ తిండి. ఇక్కడ రొట్టె లేకపోతే తిన్నట్టే కాదట. కారం నషాళానికి అంటింది. విమల మాత్రం కళ్ళు తుడుచుకుంటూ రెండోది అడిగింది.

రాత్రి ఆ మంటపంలోనే పడుకుని, మర్నాడు పొద్దున్నే అడవిలోకి నడిచాం. మా వారు కర్ర పట్టుకుని అందరికన్నా ముందు. మోదుగలు ఆకు రాల్చి ఒళ్ళంతా ఎర్రగా పూసి ఉన్నాయి. ఒక బురదగుంట దగ్గర మాస్టరు చెయ్యెత్తి ఆపాడు. పొద పక్కన నల్లగా, దున్నపిల్లంత ఉంది, వెంట్రుకలు నిక్కబొడుచుకుని, మూతికి బురదతో. తీరిగ్గా మా వంక చూసి, మాతో పనేముందన్నట్టు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయింది. నేను విమల భుజం పట్టుకుని మునివేళ్ళ మీద లేచి చూశాను. అది భయమో, ఆనందమో ఇప్పటికీ తేల్చుకోలేను. తిరిగి చూస్తే మా వారు లేరు. ఆయన అప్పటికే బండి ఎక్కి కూర్చుని ఉన్నారు. చెప్పు ఒకటి దారిలో దొరికింది.

"బావా, ఇది పందే. పులి అయితె ఏం చేస్తుండెనో," అన్నాడు మాస్టరు.

బావా అనడం నేను విన్నాను. చనువుకొద్దీ అన్నాడనుకున్నాను.

మొయినాబాదు

మొయినాబాదులో టీ పదిహేను పైసలు. పాలు చిక్కన, చక్కెర ఇంకా చిక్కన. కాఫీ అడిగితే హోటలాయన మా వారిని పైకీ కిందికీ చూశాడు. ఇక్కడ కాఫీ అడిగేవాడు ఎక్కడివాడో అందరికీ తెలుసు.

రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పేర్చి ఉన్నాయి. కాలేజీ కుర్రాళ్ళు బండి ఆపారు. నేను కొంగు నిండా కప్పుకున్నాను. వచ్చేముందు కామాక్షి గారు చెప్పిన భయాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"ఎవరు వీళ్ళు, అన్నా?" అని అడిగాడు ముందున్న పొడుగు కుర్రాడు.

"మా అక్క, మా బావ. పట్నంల ఉంటరు," అన్నాడు మాస్టరు, కళ్ళు ఎద్దుల మీంచి ఎత్తకుండా.

"నినాదం చెప్పుమను."

మేం నోరు విప్పితే ఎక్కడివాళ్ళమో అక్కడే బయటపడుతుంది. అంతలో విమల బండి అంచున లేచి నిలబడి, "జై తెలంగాణ!" అని గొంతు చించుకుంది. మా వీధిలో రోజూ వింటున్నదే కదా, రాగంతో సహా పట్టుకుంది. కుర్రాళ్ళు ఘొల్లున నవ్వారు. పొడుగు కుర్రాడు దాని దోసిట్లో వేయించిన పల్లీలు పోశాడు. తర్వాత మా వారి వైపు తిరిగి, కోపం లేకుండానే, "బీయస్సీ చదివిన. కొలువు దొరుకుతలేదు. గందుకే గీ రాళ్ళు," అన్నాడు.

బండి కదిలాక కూడా మా వారు వెనక్కి తిరిగి ఆ రాళ్ళనే చూస్తూ కూర్చున్నారు. పల్లీలు నలుగురం పంచుకున్నాం.

ప్రొద్దుటూరు

శంకర్‌పల్లి దగ్గరి ప్రొద్దుటూరులో నర్సవ్వ అనే ఆమె ఇంటికి చేరేసరికి ఎండ చల్లబడుతోంది. నర్సవ్వకు అరవై ఉంటాయి. భర్త పోయినా నాలుగెకరాలు తానే చేసుకుంటోంది. మాస్టరు ఒకప్పుడు ఈ ఊరి బడిలో ఆమె మనవడికి చదువు చెప్పాడట.

"అవ్వా, మా అక్క, బావ, మేనకోడలు," అన్నాడు మాస్టరు.

నర్సవ్వ నా కట్టూ బొట్టూ చూసింది. మాస్టరును చూసింది. ఏమనుకుందో ఏమో, చెంబుతో నీళ్ళు తెచ్చి కాళ్ళమీద తానే పోసి, "రాండ్రి బిడ్డా, ఇన్ని దినాలకు తొవ్వ దొరికిందా?" అంది, ఏళ్ళ తరబడి నాకోసం చూస్తున్నట్టు.

ఆ పూట నేను తిన్న తిండి గురించి రాయాలంటే వేరే పుస్తకం కావాలి. పొయ్యి దగ్గర నన్ను కూర్చోనివ్వలేదు. "వండుకునేటిదానివి నువ్వు రోజు వండుకుంటవ్, కూసో" అని పీట వేసి కూర్చోబెట్టింది. వేడి రొట్టె చేతిలోంచి నేరుగా నా కంచంలోకి. గుత్తివంకాయ, పచ్చిపులుసు, వెన్న కాచిన నెయ్యి. నాకు పెట్టాకే మా వారికి పెట్టింది. నా ముందు కూర్చుని, నేను నమిలే ముద్ద తాను నములుతున్నట్టు చూస్తూ ఉంది. పెళ్ళయ్యాక ఒకరు పెడుతుంటే నేను ముందు తినడం అదే మొదటిసారి. కళ్ళు తుడుచుకున్నాను. కారం ఎక్కువైందనుకుని ఆమె మజ్జిగ పోసింది. నేను కాదనలేదు.

మా వారు మాత్రం డబ్బు కట్టిన మనిషిలాగే ఉన్నారు. నెయ్యి ఇంకాస్త వెయ్యమన్నారు. మంచం నులక వదులుగా ఉందన్నారు. స్నానానికి నీళ్ళు ఇంకా వేడిగా కావాలన్నారు. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే నర్సవ్వ మురిసిపోతోంది.

"అల్లుడంటె గిట్లనే ఉండాలె. అడిగి తినాలె," అని గిన్నెలో మిగిలిన నెయ్యంతా ఆయన కంచంలో వంచింది.

మర్నాడు తెల్లవారుతుండగా చేలోకి తీసుకెళ్ళింది. వెనక వేసిన చేను కాబట్టి కంకులు ఇంకా పచ్చిగానే ఉన్నాయట. విమల మంచె ఎక్కి వడిసెల తిప్పింది. మొదటి రాయి వెనక్కి ఎగిరి మా వారి పక్కనే పడింది. రెండోది ఎటు పోయిందో తెలియదు. మూడోదానికి చేనంతా ఒక్కసారిగా లేచింది. పిట్టలు. చేనుకే రెక్కలొచ్చి పైకి లేచిందనిపించింది. సూర్యుడు అప్పుడే వస్తున్నాడు. అవి మా నెత్తిమీదుగా తిరిగి తిరిగి, పక్కవాళ్ళ చేలో వాలాయి. పక్క మంచె మీది మనిషి మమ్మల్ని ఏదో తిట్టాడు. నేను పిట్టల్ని చూడని మనిషిని కాదు. అయినా ఆ పూట చేతులు జోడించాను. నర్సవ్వ పచ్చి కంకులు నిప్పుల మీద కాల్చి, అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊది, ఆ ఊచబియ్యంలో బెల్లం కలిపి మా చేతుల్లో పోసింది. పాలు కారుతున్న గింజలు. బాపట్లలో నేను తిన్న ఏ స్వీటూ దాని ముందు ఆనదు.

అక్కడే గట్టు మీద కూర్చుని, "మీ దిక్కు ఏమున్నది బిడ్డా?" అని అడిగింది.

"సముద్రం ఉంది," అన్నాను.

"గండిపేట కన్న పెద్దదా?"

విమల చేతులు చాపి చెప్పబోయి, చాలక ఊరుకుంది. "అవతలి ఒడ్డు కనపడదవ్వా," అంది చివరికి.

నర్సవ్వ చేతిలోని కంకి పక్కన పెట్టింది. "ఒడ్డు లేని నీళ్ళా? మరి ఆపేది ఎవరు?" అంది. చిన్నప్పట్నుంచీ సముద్రాన్ని చూస్తున్నాను. ఆ ప్రశ్న నాకు ఒక్కసారీ రాలేదు.

నెయ్యి దగ్గర

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర జరిగింది అసలు సంగతి. ముందు రోజు గిన్నె వంచేసింది కదా, నెయ్యి అడుగంటింది. నర్సవ్వ గరిటెతో గీకి వేసింది. మా వారు కంచం వంక చూసి, నవ్వుతూనే, "ఇంత తక్కువైతే ఎలాగండీ? డబ్బు కట్టాం కదా మేం!" అన్నారు.

గరిటె ఆగింది.

"ఏం పైసలు?" అంది నర్సవ్వ.

మా వారికి ఇంకా అర్థం కాలేదు. "మాస్టరుకు కట్టాం. తిండికీ, పడకకూ, అన్నిటికీ," అన్నారు.

నర్సవ్వ మాస్టరు వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదనిపించింది నాకు.

"నా ఇంట్ల అన్నానికి ధర కట్టినవా, దానియేలూ? నా చేతి రొట్టెను అమ్ముకున్నవా?"

మాస్టరు కంచం ముందు నుంచి లేచి నిలబడ్డాడు. "లేదవ్వా. పైసలిస్తమంటె ఎవ్వరు ఇంటికి రానియ్యరు. సత్రం పెట్టుకున్నమా అంటరు. అందుకే చుట్టాలని చెప్పిన. బండికి తీసుకున్న. తొవ్వ చూపెట్టినందుకు తీసుకున్న. నీ అన్నం ముచ్చట వీళ్ళకు తెల్వదు, నాదే తప్పు."

"చుట్టాలు కారని నాకు నిన్ననే తెలుసు," అంది నర్సవ్వ. "మీ అక్క నోరు తెరిస్తెనే తెలిసింది ఏ దిక్కోళ్ళో. పట్నంల గడబిడైతుంటె నీ ఎనుక దాక్కోను వచ్చిన్రు అనుకున్న. చుట్టాలని చెప్పి తెచ్చినంక చుట్టాలే. గని పైసల ముచ్చట చెప్పకపోతివి."

నేను నేలలోకి కుంగిపోయాను. ఆంధ్రావాళ్ళమని తెలిసే పీట వేసింది. తెలిసే నాకు ముందు పెట్టింది. భయపడి పారిపోయి వచ్చినవాళ్ళం అనుకుని, ఎవరికీ చెప్పకుండా, ఉన్న నెయ్యంతా మాకు పోసింది. మా వారు కంచంలో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయారు.

"తొవ్వ చూపెట్టినందుకు తీస్కో, కాదన," అంది నర్సవ్వ, గరిటె కింద పెట్టి. "అన్నం కాడ పైస మాట తేకు. ఇగ తినుండ్రి, సల్లారుతది." అని పొయ్యి దగ్గరికి వెళ్ళి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పొగ అని నేను అనుకోలేదు.

మర్నాడు, మాస్టరు వాళ్ళ పల్లెలో కోత పండుగ చూడడానికి బండి కట్టేసరికి, ఆమె మూట పట్టుకుని ముందే ఎక్కి కూర్చుంది. "కోత పండుగకు నేను గూడ వస్త. ఈ మాస్టరు ఇంక ఏమేమి అమ్ముతడో సూడాలె," అంది. మాస్టరు నవ్వలేదు. రాత్రే నాతో అన్నాడు: "ఇది నడువదమ్మా. చుట్టాలను కిరాయికి ఇయ్యలేం. ఈస్టరు దాక ఎందుకు, పండుగ అయినంక షోలాపూర్ పోత."

శంకర్‌పల్లి గేటు

శంకర్‌పల్లి దగ్గర రైలు గేటు పడింది. వికారాబాదు వెళ్ళే బండి అట. నర్సవ్వ ఇన్నేళ్ళలో రైలు ఎక్కలేదు. చూడటం మాత్రం చూసింది. ఇంజను పొగ కక్కుతూ పోతుంటే మా ఎడ్లబండిలో లేచి నిలబడి, పెట్టెలన్నీ పోయేదాకా చూసి, "గీంట్ల కూసుంటె నీ సముద్రం వస్తదా?" అని నన్ను అడిగింది.

"ఒక బండి మారాలి. వస్తుంది," అన్నాను.

చేవెళ్ళ వెళ్ళేదాకా ఆమె వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంటూనే ఉంది.

చేవెళ్ళ దాటి

చేవెళ్ళ దాటాక మాస్టరు వాళ్ళ పల్లె. కోత పండుగ అంటే ఏమిటో నాకు అప్పటిదాకా తెలియదు. క్రైస్తవుల రాతి గుడి, పెంకుల కప్పు. దేవుడి పీట ముందు జొన్న కంకులు, గుమ్మడికాయలు, మిరపకాయల దండలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, ఒక మేకపిల్ల. పాటల మధ్య కోడి కూస్తోంది, ఎవరూ పట్టించుకోవడం లేదు. పంటలో తొలి భాగం దేవుడికి ఇచ్చి, ప్రార్థన కాగానే బయట చింతచెట్టు కింద వాటినే హర్రాజు పెడతారు. ఎవరైనా పాడుకోవచ్చు. గుడికి రానివాళ్ళు కూడా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వస్తారు. తాను ఇచ్చిన గుమ్మడికాయను తానే రెట్టింపు పాడి ఇంటికి తీసుకుపోయే మనిషిని చూశాను. ఎందుకని అడిగితే, "దేవునికిచ్చినంక దాని రుచి మారుతది" అన్నాడు. మా వైపు గుళ్ళో కొబ్బరిచిప్ప కోసం తోసుకోవడమే తెలుసు నాకు.

పంట లేనివాళ్ళు చేతనైంది ఇస్తారు. ఒకాయన ఒకరోజు బావి తవ్వుతానన్నాడు, దాన్నీ పాడుకున్నారు. ఒకామె చీపుళ్ళు కట్టి తెచ్చింది. ఆఖరున దానియేలు మాస్టరు లేచాడు.

"నా దగ్గర ఈ యేడు పంట లేదు. ఉన్న టమాటాలు అమ్ముకున్న. ఒక ప్రయాణం పెడుతున్న. పాడుకున్నోళ్ళను, వాళ్ళు ఏడికంటె ఆడికి తీస్కపోయి తీస్కస్త."

జనం నవ్వారు. తర్వాత ఎవరూ పలకలేదు. హర్రాజు పాడే పెద్దాయన, "ఎవరన్న ఉన్నరా? ఒకటోసారి..." అన్నాడు. మాస్టరు తల వంచుకున్నాడు. ఆయన భార్య చెట్టు చాటుకు జరిగింది. మా వారిని మోచేత్తో పొడవబోయాను. పొడవకముందే ఆయన చెయ్యెత్తారు. రెండు రూపాయలు.

"మూడు," అంది వెనక నుంచి ఒక గొంతు. చీపుళ్ళు ఇచ్చినామె. "మా అమ్మగారి ఊరికి పోక ఎన్నేండ్లో అయింది. రజాకార్ల దినాలల్ల ఇడిసి వచ్చినం, తొవ్వ మరిచిపోయిన."

గుమ్మడికాయ పాడిన మనిషి లేచాడు. "నాగార్జునసాగర్ కట్టుతున్నరు గదా, గా డ్యాము సూడాలె. పిల్లగాండ్లను గూడ." ఆయన ఐదన్నాడు. ఇంకెవరో మెదక్ గుడి అన్నారు. ఇంకొకరు కొడుకు పనిచేసే బొంబాయి అన్నారు. ఒక్కొక్కరి నోటివెంట ఒక్కో ఊరు. జీవితమంతా ఎవరూ అడగకపోతే లోపలే ఉంచుకున్న ఊళ్ళు. నేను ఆ జనాన్ని చూస్తూ ఉండిపోయాను. పిట్టలు లేచినప్పుడు ఎలా నిలబడ్డానో అలాగే.

నర్సవ్వ కొంగు బిగించి ముందుకొచ్చింది. "ఒక బస్త జొన్నలు," అంది. చింతకింద గొణుగుడు ఆగిపోయింది. బస్తాకు ఎదురు పాడేవాళ్ళెవరూ లేరు.

"ఎక్కడికి పోతవ్ నర్సవ్వా?" అని అడిగాడు పెద్దాయన.

"సముద్రం కాడికి. వీళ్ళ ఊరికి," అని నా చెయ్యి పట్టుకుని పైకెత్తింది. "గోడల మీద రాసినోళ్ళు రాసుకుంటరు. నాకు ఆడ చుట్టాలున్నరు."

నేను ఏడ్చాను. అందరి ముందూ, దాచుకోకుండా. పెద్దాయన మూడోసారి అని కొయ్య మీద కర్రతో కొట్టాడు. జొన్నల బస్తా గుడికి. మాస్టరుకు అందులో పైసా రాదు. కానీ మేం బండి ఎక్కేలోపల చీపుళ్ళామె, డ్యాము చూడాలన్నాయన ఆయన్ను పక్కకు పిలిచి బయానా ఇచ్చారు. షోలాపూర్ బావమరిదికి ఏమని కబురు పెట్టాడో నేను అడగలేదు.

మా గుమ్మం

తిరిగి వచ్చాక మూడు కుటుంబాలవాళ్ళూ వచ్చి కూర్చున్నారు. డబ్బు పెట్టొచ్చా అని అడిగారు. దారికి నిరభ్యంతరంగా పెట్టండన్నాను. అన్నం దగ్గర మాత్రం డబ్బు మాట రాకూడదు, రేపు వాళ్ళు మీ గుమ్మంలోకి వస్తే పీట వేసి వండిపెట్టాలి, అది ఒప్పుకుంటేనే వెళ్ళండన్నాను. ఒక కుటుంబం ఒప్పుకుంది. కామాక్షి గారు ఇంకా ఆలోచిస్తున్నారు.

రైళ్ళు సరిగ్గా నడుస్తున్నాయని తెలిశాక, సముద్రానికి బయలుదేరి, నిన్న మధ్యాహ్నం దానియేలు మాస్టరు వెంట నర్సవ్వ వచ్చింది. చంకలో జొన్నపిండి మూట. గోడ మీది రాత ముందు ఒక్క క్షణం ఆగి, "ఏమని రాసిన్రు?" అని మాస్టరును అడిగింది. ఆయన చెప్పాడు. "వెళ్ళిపోతున్నం గదా రేపు, అందరం కలిసి," అని లోపలికి వచ్చింది.

నేనే కాళ్ళమీద నీళ్ళు పోశాను. పీట వేసి, గోంగూర, ముద్దపప్పు వడ్డించాను. వడ్డించడం కాగానే నర్సవ్వ నా కొంగు పట్టి లాగి తన పక్కన కూర్చోబెట్టుకుంది. మా వారు ఎదురుగా నిలబడి ఉన్నారు. నర్సవ్వ కంచంలో పప్పు వంక చూసి, గొంతు సవరించుకుని, ఆయనతో అంది:

"గింత తక్కువైతె ఎట్ల అల్లుడా? జర నెయ్యి తే. పైసలు కట్టిన గదా నేను!"

విమల పొలమారి దగ్గింది. మాస్టరు తలుపు వైపు తిరిగి నవ్వుకున్నాడు. మా వారు చెవుల దాకా ఎర్రబడి వంటింట్లోకి వెళ్ళారు. నెయ్యి గిన్నె ఎక్కడుంటుందో ఆయనకు పదిహేనేళ్ళుగా తెలియదు. డబ్బాలు కదుపుతున్న చప్పుడు వినబడుతోంది. నేను లేవలేదు.